గొడ్డలి ఎత్తే ముందు ఒక మాట



మొక్కలు నాటడం గురించి మీరు ఇప్పటికే ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. నేను ఈ రోజు చెట్టు కొట్టడం గురించి మాట్లాడతాను. కాలనీల్లో, కంపెనీ క్వార్టర్లలో, ప్లాట్లు చేసి అమ్మిన వీధుల్లో ఒక చెట్టునో, ఒక మొక్కల కంచెనో తీసేయాల్సి వస్తే అందుకు పద్ధతి ఏమిటి, ఎవరిని అడగాలి అన్నదే నా విషయం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అప్పటినుంచి కాలనీలు పెరిగాయి, ఇళ్లు పెరిగాయి, ఇళ్లతో పాటే చెట్ల తగాదాలూ పెరిగాయి.

నేను ఉండేది జనగామలో, లేఅవుట్ చేసి అమ్మిన ఒక కాలనీలో. మా వీధి మలుపులో ఒక యాపచెట్టు ఉండేది. మేము ఇల్లు కట్టుకునేనాటికే అది ఇద్దరు చేతులు చాపితే గానీ అందనంత మొద్దు. దాని కింద ఒక ఇస్త్రీ బండి. పొద్దున ఎనిమిదింటికి ఆ అన్న బొగ్గుల పెట్టె రాజేసుకునేవాడు. స్కూలు బస్సు కోసం పిల్లలు అక్కడే నిలబడేవాళ్లు. ఒక ఆదివారం పొద్దున రంపం మిషన్ చప్పుడు వినిపించింది. నేను పాలు తీసుకుని వచ్చేసరికే కొమ్మలు నేల మీద ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు మొద్దు ట్రాక్టర్ ఎక్కింది. రోడ్డంతా పచ్చి యాప పొట్టు వాసన. కాకులు రెండు ఆ ఖాళీ జాగా మీద తిరుగుతూనే ఉన్నాయి, సాయంత్రం దాకా.

కొట్టించిన పెద్దమనిషిని అడిగితే ఆయన నాతో ఉన్నమాటే చెప్పాడు. "సారూ, కొత్తగ ఇల్లు కట్టిన. గుమ్మానికి ఎదురుంగ చెట్టుంటె మంచిది కాదన్నరు. ఆకులు ఊడ్వలేక ఇంట్లోళ్లు కూడ పరేషానైతున్నరు. కట్టె వ్యాపారి పైసలడగకుంట కొట్టుకపోతనన్నడు." ఆయన చెడ్డ మనిషి కాదు. ఎవరినైనా అడగాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. మరునాడు ఇస్త్రీ అన్న బండికి గొడుగు కట్టుకున్నాడు. వేసవిలో ఆ గొడుగు చాలక బండినే పక్క సందుకు మార్చుకున్నాడు. ఆ చెట్టు కింద బతికింది ఆయన. ఆయనను మాత్రం ఎవరూ ఒక్కమాట అడగలేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్కమాటే. చెట్టు కొట్టడానికి ఉన్న నియమాలన్నిటి సారం అడగడం. అడిగితే నాలుగు రోజులు ఆగాల్సి వస్తుంది. ఆ నాలుగు రోజుల్లోనే చాలా చెట్లు బతికిపోతాయి.

ముందు చట్టం సంగతి. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. మనమంతా వాల్టా అంటాం. తెలంగాణ ఏర్పడ్డాక కూడా అదే చట్టం నడుస్తోంది. మన ఊళ్లలో వాల్టా అనగానే బోర్లు, ఇసుక ట్రాక్టర్లు గుర్తొస్తాయి. ఆ పేరులో మూడో మాట చెట్లు అన్న సంగతి చాలామంది మరచిపోతారు. సొంత స్థలంలో ఉన్న చెట్టయినా సరే, ముందుగా అనుమతి తీసుకోకుండా కొట్టకూడదని ఆ చట్టం చెబుతోంది. దరఖాస్తు అటవీ శాఖకు పెట్టుకోవాలి. చెట్టు ఏ జాతిది, ఎంత చుట్టుకొలత, ఎక్కడుంది, ఎందుకు తీయాలి అన్నవి రాయాలి. అధికారి వచ్చి చూస్తాడు. అనుమతి ఇస్తే బదులుగా మొక్కలు నాటాలి. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లాంటివి రైతులు పంటగా వేసుకుంటారు కాబట్టి వాటికి మినహాయింపులున్నాయి. ఇంటి ముందున్న యాపకు, కానుగకు, చింతకు అలాంటిది లేదు.

మీ పెరట్లో టేకు ఉంటే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. భూపాలపల్లి వైపు ఇళ్ల దగ్గర టేకు మామూలే. కొట్టడానికి అనుమతి ఒకటి, ఆ కలపను బండి మీద తరలించడానికి రవాణా పర్మిట్ ఇంకొకటి కావాలి. "నా చెట్టే కదా" అని సామిల్లుకు తోలితే దారిలో బండి ఆగుతుంది.

ఈ చట్టం కాగితం మీదే ఉందనుకునేవాళ్లకు ఒక సంఘటన చెబుతాను. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ సైదాబాద్‌లో ఇల్లు కట్టుకోవడానికి ఒకాయన దాదాపు 40 ఏళ్ల వేపచెట్టును కొట్టించాడు. అది చూసిన ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు అటవీ శాఖకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి విచారించి 62,075 రూపాయల జరిమానా వేశారు. నాకు ఆ అంకె కన్నా ఆ పిల్లవాడి ఫోనే పెద్దదిగా కనిపిస్తుంది. చెట్టు ఎవరి గేటు ముందున్నా, దాన్ని రోజూ చూసేవాళ్లకు దాని మీద ఒక మాట చెప్పే హక్కు ఉందని వాడు గుర్తించాడు. ఇక 2025 మార్చిలో సుప్రీంకోర్టు తాజ్‌మహల్ చుట్టూ ఉన్న రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా కొట్టిన 454 చెట్ల కేసులో చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను సమర్థించింది. ఒక చెట్టు విలువను కట్టె తూకంతో లెక్కగట్టే రోజులు పోయాయని దీనివల్ల అర్థమవుతోంది.

ఇప్పుడు కంచెల దగ్గరకు వద్దాం. చెట్టు పోతే నలుగురూ చూస్తారు. కంచె పోతే ఎవరూ పట్టించుకోరు.

భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో మా అక్కావాళ్లు చాలా ఏళ్లు ఉన్నారు. బావ కేటీకే గనిలో పని. వాళ్ల క్వార్టర్‌కు, పక్క క్వార్టర్‌కు మధ్య గోడ లేదు, మైదాకు కంచె ఉండేది. రెండిళ్ల ఆడపిల్లలూ ఆషాఢంలో అటునుంచి వీళ్లు, ఇటునుంచి వాళ్లు ఆకు కోసుకునేవాళ్లు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషికి ఆ కంచె చప్పుడును కొంత ఆపేది, దుమ్మును చాలా ఆపేది. బొగ్గు గనుల ఊరిలో ఆకు మీద చేయి వేసి చూడండి, వేలికి నల్లగా అంటుతుంది. ఆ నలుపు ఆకు మీద ఆగకపోతే మన ఊపిరితిత్తుల్లోకి పోయేదే. ఒకసారి పక్కింటికి కొత్తవాళ్లు వచ్చారు. పురుగు పుట్ర వస్తుందని భయపడి కంచెను ఒక్క పూటలో మొదలంటా నరికించి రేకులు నిలబెట్టారు. నరికిన కొమ్మల్లో ఒక పిగిలిపిట్ట గూడు దొరికింది. గోరింట పుల్లల మధ్య చాయ్ కప్పు అంత గూడు, అందులో మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు. మా అక్క దాన్ని గిన్నెలో పెట్టి పక్కనే ఉన్న జామచెట్టు కొమ్మకు ఆనించింది. తల్లిపిట్ట రాలేదు.

మనలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన పక్షుల గూళ్లను, గుడ్లను పాడు చేయడాన్ని కూడా వేట కిందే లెక్కగడుతుంది. కాబట్టి కంచె కొట్టే ముందు ఆకులు పక్కకు జరిపి గూడు ఉందా అని చూడాలి. ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి. మూడు నాలుగు వారాల పని.

పాముల భయం నిజమే, దాన్ని తేలికగా తీసేయను. పాము వచ్చేది ఎలుక కోసం. ఎలుక వచ్చేది కంచె మొదట్లో మనం పారేసిన చెత్త కోసం. కంచె మొదలును నేల నుంచి జానెడు ఎత్తు దాకా ఖాళీగా ఉంచండి, రాలిన ఆకు ఎత్తేయండి, చెత్త వేయకండి. వెలుతురు పడిన చోట పురుగు నిలవదు. అలాగే వీధి మలుపులో ఉన్న కంచెను నడుము ఎత్తుకు మించనీయవద్దు. సైకిల్ మీద వచ్చే పిల్లవాడు కారుకు కనిపించాలి, కారు పిల్లవాడికి కనిపించాలి. వీటికి కత్తిరింపు సరిపోతుంది, నరికివేత అక్కర్లేదు.

అయితే తీసేయాల్సిన కంచెలు కూడా ఉన్నాయి. కోనోకార్పస్ అనే మొక్క మీకు తెలుసు. రోడ్ల మధ్యలో, కాలనీ గోడల వెంట పచ్చగా, కత్తిరిస్తే గోడలా నిలబడుతుంది. నీళ్లు తక్కువైనా పెరుగుతుంది, పశువులు ముట్టవు. అందుకే ఊరూరా పెట్టారు. తర్వాత దాని పుప్పొడి వల్ల దగ్గు, జలుబు వస్తున్నాయని, వేళ్లు నీళ్ల పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడం నిషేధించాయి. మన దగ్గర కూడా నర్సరీల్లో పెంచొద్దని చెప్పారు. మీ కాలనీలో అది ఉంటే ఒకేరోజు అంతా పీకేయకండి. ఒక వరుస తీసి అక్కడ మైదాకు, అడ్డసరం, వావిలి పెట్టండి. అవి భుజం ఎత్తు వచ్చాక రెండో వరుస తీయండి. అప్పుడు దుమ్ముకు అడ్డం పోదు, నీడ పోదు, పిట్టకు చోటు పోదు.

ఇక మహబూబాబాద్ సంగతి. మన మానుకోటలో వీధుల వెంట మొక్కలను చాలా చోట్ల కరెంటు తీగల కిందనే నాటారు. అవి పెరిగితే తీగలకు తగులుతాయి. వానకాలానికి ముందు విద్యుత్ శాఖ వాళ్లు వచ్చి కొమ్మలు కొడతారు. లైన్‌మన్లను తప్పుపట్టలేం, గాలివానలో తీగ తెగితే ప్రాణాలు పోతాయి. తప్పు నాటిన రోజే జరిగింది. తీగ కింద పొట్టిగా పెరిగే చెట్టు పెట్టాలి, ఎదుటి వరుసలో పెద్ద చెట్టు పెట్టాలి. ఈ చిన్న ఆలోచన నాటినప్పుడు చేస్తే ఇరవై ఏళ్ల తర్వాత నడినెత్తిన నరకాల్సిన అవసరం రాదు.

కొమ్మ కొట్టడంలోనూ ఒక పద్ధతుంది. పైనుంచి ఒకే దెబ్బన కొడితే కొమ్మ తన బరువుకు తానే విరిగి, మొద్దు మీది బెరడును కింది దాకా చీల్చుకుపోతుంది. ఆ గాయంలో నీళ్లు నిలిచి చెట్టు పుచ్చిపోతుంది. ముందు కొంచెం ఎడంగా కింది వైపునుంచి సగం దాకా కోయాలి. తర్వాత పైనుంచి కోసి బరువు దింపాలి. చివరకు మిగిలిన మోడును, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి, శుభ్రంగా కోయాలి. ఆ మెడ దగ్గర నుంచే చెట్టు తన గాయాన్ని తాను మూసుకుంటుంది.

భయంతో కొట్టే చెట్ల గురించి కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31న, 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న ములుగు ప్రాంతంలో, తాడ్వాయి - మేడారం అడవిలో పెద్ద సుడిగాలి వచ్చింది. దాదాపు 500 ఎకరాల్లో 50 వేల దాకా చెట్లు కూలాయని అధికారులు అంచనా వేశారు. మరునాడు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు కట్ట కొట్టుకుపోయింది. అలాంటివి చూసినవాళ్లకు ఇంటి పక్కన పెద్ద చెట్టు ఉంటే గుండె దడదడలాడడం సహజం. ప్రమాదంగా ఉన్న చెట్టును, ఎండిపోయిన చెట్టును, కూలిన చెట్టును తీయడానికి చట్టం అడ్డు చెప్పదు. అయితే ప్రమాదం ఉందో లేదో చూసి తేల్చాలి. మొద్దు ఒక పక్కకు కొత్తగా ఒరిగిందా? మొదట్లో మట్టి పగిలి లేచిందా? తొర్ర ఉందా, మొదట్లో పుట్టగొడుగులు లేచాయా? కర్రతో కొడితే డొల్ల మోత వస్తోందా? ఇవి ఉంటే వెంటనే ఫోటో తీసి అధికారులకు చెప్పండి. ఇవేవీ లేకుండా ఎత్తుగా ఉందని మాత్రమే భయపడితే, బరువైన కొమ్మలు కొన్ని దింపితే చాలు.

చాలా చెట్లు గాలికి కూలడానికి మనమే కారణం. సీసీ రోడ్డు వేసినప్పుడు మొద్దుకు ఆనించి కాంక్రీటు పోస్తాం. వేరుకు నీరు లేదు, గాలి లేదు. డ్రైనేజీ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్లన్నీ తెగ్గొడతాం. ఆ తర్వాత గాలికి పడితే చెట్టును తిడతాం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. మన కాలనీలో రోడ్డు వేసే కాంట్రాక్టర్‌కు మొదటిరోజే ఈ మాట చెప్పండి. మీటరు మట్టి వదిలితే ఆయనకు ఖర్చు తగ్గుతుందే తప్ప పెరగదు.

జనగామ చుట్టుపక్కల ఇంకో చెట్టు కథ ఉంది. పొలాలు ప్లాట్లవుతున్న కొద్దీ తాళ్లు, ఈదులు పోతున్నాయి. భూమి ఒకరిది, ఆ చెట్టెక్కి బతికేది ఇంకొకరు. తాటిచెట్టు గీతకు రావాలంటే పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. దాన్ని జేసీబీ పావుగంటలో పడగొడుతుంది. ఈ చెట్లు కొట్టాలంటే ఆబ్కారీ శాఖ అనుమతి కూడా కావాలి. గీత వృత్తిలో పుట్టి మొగలుల మీద తిరగబడిన సర్వాయి పాపన్న కోట ఖిలాషాపూర్‌లో ఉన్నది ఈ జిల్లాలోనే. ఆ నేల మీద గౌడన్న చెట్టును అతన్ని అడగకుండా కూల్చడం మనకు తగదు. లేఅవుట్‌లో పార్కుకు వదిలే స్థలాన్ని చెట్లున్న మూలన వదిలితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. రోడ్ల వెంట మొక్కలు నాటడం లేఅవుట్ షరతుల్లో ఎలాగూ ఉంది. ఉన్న చెట్టును ఉంచుకోవడం కొత్త మొక్క పెంచడం కన్నా సులువు.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ చాలా కాలనీల్లో వాళ్లు సంఘానికి, అదే హెచ్‌ఓఏకి, కాగితం పెట్టుకోకుండా ఇంటి ముందు చెట్టు తీయలేరు. సింగపూర్‌లో కొన్ని ప్రాంతాల్లో మీటరు చుట్టుకొలత దాటిన చెట్టు సొంత స్థలంలో ఉన్నా అనుమతి కావాలి. ఇంగ్లండ్‌లో రెండు మీటర్లు దాటిన పచ్చని కంచె పక్కింటివాళ్ల వెలుతురు ఆపితే స్థానిక సంస్థకు ఫిర్యాదు చేసుకునే చట్టం 2003లో వచ్చింది. అక్కడ అందరూ పాటించేది ఇక్కడ మనకు మాత్రం కష్టమెందుకు కావాలి?

అందుకే ప్రతి కాలనీ కమిటీకి నా విన్నపం. వచ్చే ఆదివారం కూర్చుని కొన్ని మాటలు రాసుకోండి. మొదట మీ చెట్లను లెక్కపెట్టండి, వీధివారీగా ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ఎవరైనా చెట్టునో కంచెనో తీయాలనుకుంటే వారం ముందు బోర్డు మీద రాయాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇద్దరు వెళ్లి చూడాలి, వాళ్లలో ఒకరు ఆ చెట్టు నీడన ఉండేవాళ్లయితే మేలు. ప్రమాదం లేకపోతే గూళ్ల కాలం పోయి, దసరా దాటాకే కత్తిరింపులు పెట్టుకోవాలి. అనుమతి కాగితం చేతికి వచ్చాకే మనిషిని పిలవాలి. కట్టె ఊరికే ఇవ్వకండి, అమ్మిన పైసలు మొక్కలకు పెట్టండి. "ఫ్రీగా కొడతాం" అన్నవాడికి ఆ మొద్దు విలువ మనకన్నా బాగా తెలుసు. ఒక్క చెట్టు పోతే రెండు నాటండి, ఆ రెండింటికీ రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి పేరు నోటుబుక్కులో రాయండి. నాటిన వాటిలో 85 శాతం బతకాలని మన మున్సిపల్ చట్టమే చెబుతోంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని కూడా ఉంది. మీ వార్డుకు అందులో ఏం వచ్చిందో అడగండి.

నాటే వాటిలో ఒక జమ్మి ఉండనివ్వండి. అది మన రాష్ట్ర వృక్షం. దసరానాడు ఆకు కోసం ఊరవతలకు బండ్లు కట్టుకుని పోవాల్సిన అవసరం లేకుండా కాలనీ పార్కులోనే ఉంటుంది.

మా వీధి మలుపులో ఆ యాపచెట్టు మొదలు చాలా రోజులు నేలకు సమంగా ఉండిపోయింది. కొట్టించిన పెద్దమనిషి గడిచిన ఎండాకాలం నా దగ్గరకు వచ్చి, "సారూ, ఆ జాగల కానుగ పెడదమా? ఆ ఇస్త్రీ అన్నను కూడ అడుగుదం" అన్నాడు. ఇద్దరం పోయి అడిగాం. "రోడ్డు దిక్కు పెట్టుండ్రి, సారూ, మధ్యాహ్నం నీడ ఇటు వస్తది" అని ఆ అన్న జాగా చూపించాడు. ఇప్పుడది నా భుజం దాకా ఉంది. పొద్దున బండి పెట్టుకునే ముందు ఆయనే దానికి బిందెడు నీళ్లు పోస్తున్నాడు.

మీ వీధిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక చెట్టు కింద బతుకుతూ ఉంటారు. గొడ్డలి ఎత్తే ముందు వాళ్లను ఒక్కమాట అడగండి.